ముందు కుడి చక్రం

గ్రీన్స్‌బరో
13 జనవరి 2025

అత్తయ్యకి,

నిన్న పర్సిస్ వదిన ఫ్రీమాంట్ నుంచి ఫోన్ చేసింది. మామయ్య పోయిన బెంగతో నేను మంచి ఉద్యోగం వదిలేసి, ఏదో గ్యారేజ్‌లో గ్రీజు పూసుకుంటూ ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నానని నువ్వు చెప్పావట. వదిన గొంతు బాగా తగ్గించి మాట్లాడింది, ఆస్పత్రి వరండాలో మాట్లాడినట్టు.

ఒక్కసారి కేలండర్ చూడు. నేను మందుల కంపెనీలో రాజీనామా ఇచ్చింది జూన్‌లో. మామయ్య పోయింది అక్టోబర్‌లో. అక్టోబర్ బెంగ జూన్‌కి ఎలా వస్తుంది? జూన్‌లో నేను అలిగి వెళ్లానన్నావు. ఆగస్టుకి ఎవడో ఉన్నాడన్నావు. ఇప్పుడిది. నెలకో కారణం పుడుతోంది, నన్ను అడిగినవాళ్లు మాత్రం లేరు. మామయ్య ఒక్కరే అడిగారు, "అక్కడ నువ్వు చేసేదేంటమ్మా?" అని. సింకు దగ్గర చేతులు తడిగా పెట్టుకుని అరగంట విన్నారు.

నీకూ చెప్తాను. నేను పానాలు పట్టుకోను. ముందు కౌంటర్ దగ్గర కూచుంటాను. మనుషులు వచ్చి "కీచుమంటోంది" అంటారు, "బ్రేకు తొక్కితే కాలు లోపలికి పోతోంది" అంటారు. నేను ఫారం మీద మూడు గీతలు నింపాలి. బాధ ఏమిటి, కారణం ఏమిటి, చేయాల్సింది ఏమిటి. ఆ తర్వాత లేబర్ అంచనా వేయాలి. ఏ బండికి ఏ పని ఎన్ని గంటలో చెప్పే పుస్తకం ఒకటుంది. గంటల్ని మా గంట రేటుతో గుణిస్తే లేబర్. కానీ ఆ పుస్తకం ప్రతి బండీ నిన్ననే ఫ్యాక్టరీ నుంచి వచ్చిందనుకుంటుంది. పాత బండికి పుస్తకం మీద ఎంత కలపాలో చూసి చెప్పడమే నా పని. తక్కువ రాస్తే మెకానిక్ ఊరికే చాకిరీ చేస్తాడు. ఎక్కువ రాస్తే నీలాంటి పెద్దావిడ దండం పెట్టి వెళ్లిపోయి, ఆ బ్రేకులతోనే ఇంకో ఏడాది తిరుగుతుంది.

కంపెనీలో నాలుగేళ్లు ఎవరూ చదవని రిపోర్టుల మీద సంతకాలు పెట్టాను. ఇక్కడ సోమవారం తప్పు రాస్తే శుక్రవారానికి అది రోడ్డు మీద ఉంటుంది. నాకు ఇది కావాలి. అంతే కారణం.

నువ్వు ఫోన్ సొరుగులో పెట్టేశావని కాలేబ్ బావ చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం. అమ్మ పోయాక పన్నెండేళ్ల పిల్లగా నీ దగ్గరికి వస్తే, తెలుగు మర్చిపోకూడదని శనివారాలు వంటింటి బల్ల దగ్గర ఎదురుగా కూచోబెట్టి నాచేత నీకే ఉత్తరాలు రాయించేదానివి. దీన్ని కూడా దిద్దుకో.

జెమీమా


క్యారీ
18 జనవరి 2025

చిరంజీవి జెమీమాకు,

ప్రభువు కాపుదలలో కులాసాగా ఉన్నావని నమ్ముతూ అత్తయ్య రాసే సంగతులు.

నీ ఉత్తరంలో మూడు తప్పులున్నాయి. ఎర్ర పెన్ను కనపడక బతికిపోయావు.

పర్సిస్‌తో నేనన్నది ఒక్కటే, చలికి దాని చేతులు పగులుతాయి, వెన్న రాసుకుంటోందో లేదో అని. గ్రీజూ ప్రాయశ్చిత్తమూ అది కలుపుకున్నవి. పొద్దున రైల్లో కూచుని ఫోన్లు చేస్తుంది, స్టేషన్ వచ్చేలోపు ఎవరో ఒకరు ఏడవాలి దానికి.

ఫోన్ మోగితే ఆయనేమోనని లేస్తున్నాను. మోకాళ్ల నొప్పి కూడా గుర్తుండదు. సగం దూరం వెళ్లాక అప్పుడు తెలుస్తుంది. మూడు నెలలైనా నా కాళ్లకి ఇంకా కబురు అందలేదు. అందుకే సొరుగులో పెట్టేశాను.

ఇప్పుడు నీ పనికి సంబంధించిన మాట. మన మందిరం వ్యాన్ సంగతి. బీమావాళ్లు ముందు భాగం సరిచేయించి ఇచ్చారు గానీ, బ్రేకులు మొత్తం మార్చాలని ఇక్కడి గ్యారేజ్‌వాళ్లు కాగితం ఇచ్చారు. సామాను కాక లేబరే ఏడున్నర గంటలట, 1,125 డాలర్లు. మన ట్రెజరర్ రాజీవ్ ఉన్నాడుగా, ప్రేమవిందులో ప్లేట్లు లెక్కపెట్టే రాజీవ్, ఇది పట్టపగలు దోపిడీ అంటున్నాడు. ఎవరో వీడియోలో ఇరవై రెండు నిమిషాల్లో చేశాడట, తనే పార్కింగ్‌లో చేసేస్తానంటున్నాడు. ఈ ఏడు వచ్చిన ఎమ్మెస్ పిల్లలకి కార్లు లేవు, ముసలమ్మలు నలుగురు ఆరాధన మానేశారు. వ్యాన్ లేకపోతే మందిరం సగం ఖాళీ. ఆ గంటలు న్యాయమో కాదో నువ్వు చెప్పు.

ఇంకొకటి, ఎవరికీ చెప్పకు. ఆరాధన అయ్యాక నేను వెళ్లి ఆ బండిలో, ఎప్పటిలా పక్క సీట్లో, కూచుంటున్నాను. ఆయన సీటు ఎంత వెనక్కి జరుపుకున్నారో అంతే ఉంది. అద్దం ఆయన కళ్లకి సరిపోయేట్టే ఉంది. అందులో చూస్తే నా ముఖం కనిపించదు, వెనక సీట్లు కనిపిస్తాయి.

ఆయన నిద్రపోయి ఉంటారని ప్రమాదం కాగితంలో రాశారు. ఎదురుగా సిగ్నల్ ఎర్రగా ఉండగా, పగటివెలుగులో, ఎడమకి తిరిగి గడ్డి దాటి స్తంభానికి కొట్టుకున్నారంటే ఇంకేముంటుంది అంటాడు కాలేబ్. "డెబ్భై ఒక్కేళ్ల మనిషికి స్టీరింగ్ ఇచ్చింది మీరందరూ" అని నా ముఖం మీదే అన్నాడు. ఆయన ఆగస్టు నుంచీ చెబుతూనే ఉన్నారు, బండి లాగుతోంది కరుణా అని. నీ చేతుల్లో బలం తగ్గింది డాడీ, అన్నాడు వీడు. నేను ప్రతి ఆదివారం ఆ బండి చక్రం మీద చెయ్యి పెట్టి ప్రార్థించి నూనె రాసేదాన్ని. అయినా ఇలా జరిగింది. దేవుణ్ణి అడగకూడదు, అడగను.

ప్రార్థనలతో,
అత్తయ్య కరుణమ్మ

వెన్న రాసుకో.


గ్రీన్స్‌బరో
3 ఫిబ్రవరి 2025

అత్తయ్యా,

ముందు లేబర్ సంగతి. రాజీవ్ అంకుల్‌కి చదివి వినిపించు. ఏడున్నర గంటలు దోపిడీ కాదు. పుస్తకం ప్రకారం మీ వ్యాన్‌కి ముందు బ్రేకులు గంటా ముప్పావు, వెనకవి రెండుంబావు, బ్రేకు ద్రవం మార్చడానికి ముప్పావు. అంటే నాలుగు ముప్పావు గంటలు. కానీ అది 2002 బండి. మన మందిరం కొనకముందు ఒహాయోలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు తిని పెరిగింది. బోల్టు తిప్పితే రాదు. వేడి చేయాలి, తట్టాలి, బతిమాలాలి. విరిగితే ఆ ముక్కని తొలిచి తీయాలి. అక్కడివాళ్లు దానికి రెండు ముప్పావు కలిపారు. నేనైతే రెండు గంటలు కలిపేదాన్ని. తేడా ముప్పావు గంట, అంటే నూట పన్నెండు డాలర్లు. వీడియోలో మనిషి కొత్త బండి మీద చేశాడు, పైగా కత్తిరించేసిన ముక్కల్లో ఎన్ని బూతులు తిట్టాడో మనకి తెలియదు. పార్కింగ్‌లో మాత్రం చేయొద్దని చెప్పు.

నేనే ఒకసారి చూస్తానని బావకి చెబితే పంపించాడు, గురువారం ట్రక్ మీద వ్యాన్ ఇక్కడికి చేరింది. పంపడం మంచిదైంది. మా మెకానిక్ డ్వేన్ చక్రాలు విప్పకముందే నేను ఒకసారి నడపాలనుకున్నాను. సీటు వెనక్కి ఉంది, కాళ్లు అందలేదు. జరపబుద్ధి కాలేదు. అంచు మీద కూచుని మా షెడ్డు వెనక ఖాళీ స్థలంలో పది మైళ్ల వేగంతో పోనిచ్చాను. బ్రేకు తొక్కగానే బండి ఎడమకి తిరిగింది. కుదుపేమీ లేదు. మెత్తగా, మొండిగా, చిన్నపిల్ల మణికట్టు పట్టుకుని ఎవరో ఇటు పద అన్నట్టు. మళ్లీ తొక్కాను, మళ్లీ అటే. ఐదోసారికి ఆ బండిలో నేనొక్కదాన్నే లేననిపించి దిగిపోయాను.

స్పీడు చూపించే ముల్లు పైన తెల్ల టేపు ముక్క ఉంది. దాని మీద మామయ్య అక్షరాలు. "బ్రేకు తొక్కిన ఎడమకు లాగును. ముందుగా తొక్కవలెను." తర్వాత నడిపేవాళ్ల కోసం అంటించారు. నేను ఫోటో పంపితే కాలేబ్ బావ, "అదా, బైబిల్ వాక్యం అనుకున్నా" అన్నాడు. రిపోర్టు రాసినవాళ్లూ చూసే ఉంటారు, బీమావాళ్లూ చూసే ఉంటారు. తెలుగు చదవడం రానివాళ్లందరికీ అది వాక్యమే. నువ్వు పక్క సీట్లో కూచుంటావు, అక్కడికి కనపడదు.

ఇది నిదానంగా చదువు. మామయ్య నిద్రపోలేదు. ముందు ఎడమ టైరు ఒకచోట రాచిపెట్టినట్టు చదునుగా అరిగింది. చక్రం తిరగకుండా బిగుసుకుని రోడ్డుని రాసుకుంటేనే అలా అవుతుంది. అంటే ఆయన కాలు బ్రేకు మీదే ఉంది, గట్టిగా ఉంది. కుడి చక్రం మాత్రం పట్టలేదు. దాని ప్యాడ్‌లు, అంటే చక్రాన్ని నొక్కి ఆపే దిమ్మలు, నూనెలో నానినట్టున్నాయి. ఒక చక్రం ఆగి ఒకటి ఆగకపోతే బండి ఆగిన వైపుకే తిరుగుతుంది. ఆయన మెలకువగా ఉన్నారు, ఆపుతూనే ఉన్నారు.

నూనె ఎలా వచ్చిందో చూస్తున్నాను. ఒక మాట అడగాలి. ఆదివారం నువ్వు బండి దగ్గర ప్రార్థన చేసేటప్పుడు ఎటువైపు నిలబడతావు? ఏం చేస్తావు? వివరంగా రాయి.

జెమీమా


క్యారీ
10 ఫిబ్రవరి 2025

నా తల్లికి,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆయన మెలకువగా ఉన్నారు. ఆ ఒక్క మాట నాలుగు నెలలకి వచ్చింది.

కాలేబ్‌ని పిలిచి కూచోబెట్టి చదివాను. వాడు ఫోన్‌లో నువ్వు పంపిన టేపు ఫోటో చూపించి, "చదివి చెప్పు మమ్మీ" అన్నాడు. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. బాత్‌రూమ్‌లోకి వెళ్లి చాలాసేపు పంపు తిప్పి ఉంచాడు. వచ్చాక అన్నం పెట్టుకుని తిన్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆ నిద్ర మాట ఎత్తడని తెలుసు.

నూనె సంగతి నువ్వు వెతకనక్కర్లేదు. అది రాజీవ్ పని. జూలైలో డబ్బు ఆదా అని ఇంజన్ ఆయిల్ తనే మార్చాడు, పార్కింగ్‌లో కింద పడుకుని. నేల మీద నల్లటి మరక ఇంకా ఉంది. ఆ నెల తర్వాతే కదా బండి లాగడం మొదలైంది. బుధవారం స్త్రీల కూడికలో నీ ఉత్తరం చదివి ఈ మాట చెప్పాను. నేను క్షమించానని కూడా అందరి ఎదుట చెప్పాను. ఆదివారం రాజీవ్ ఆరాధనకి రాలేదు. భార్య స్మృతి ఆఖరి వరసలో కూచుని ముందే లేచి వెళ్లింది. వాళ్లకీ దేవుడు సమాధానం ఇస్తాడు.

నువ్వు ప్రార్థన గురించి అడిగావు. నాలుగేళ్లుగా మందిరం గడప తొక్కని పిల్ల, ఎలా చేస్తావు, వివరంగా రాయి అని అడిగింది. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఇన్నాళ్లకి నీ మనసు ఇటు తిరిగింది.

రాస్తున్నాను. బండి ఎప్పుడూ కుడిపక్క గుమ్మం వైపు పెట్టి ఆపుతారు. మోకాళ్ల వల్ల చుట్టూ తిరగలేను గనక ముందు కుడి చక్రం దగ్గరే నిలబడతాను. నా సీసాలో ఒలీవ నూనె ఉంటుందిగా, లవంగాలు వేసి కాచింది, చిన్నప్పుడు నీకు రాసిందే. పైపైన రాస్తే ఎండకి ఆరిపోతుందని చక్రానికున్న చిల్లుల్లోంచి లోపలికి వెళ్లేట్టు పోస్తాను. మొదట్లో నాలుగు చుక్కలే. ఈస్టర్ నుంచి ఒక చెంచా. ఆయన లాగుతోందన్నప్పటి నుంచి రెండు చెంచాలు. ఒక్క ఆదివారం మానలేదు. ఆయన వెళ్లిన ఆదివారం కూడా.

నా తప్పు ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది. ఒక్క చక్రానికే రాశాను. మార్చి తొమ్మిదిన బండిని ఆయన పేరిట మళ్లీ ప్రతిష్ఠ చేస్తున్నాం, పాస్టర్‌గారు ఒప్పుకున్నారు. ఈసారి నాలుగు చక్రాలకీ. చుట్టూ తిరగడానికి కాలేబ్ నన్ను పట్టుకుంటాడు. వెంటనే పిల్లల్నీ ముసలమ్మల్నీ ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పి రావాలని అందరి కోరిక. నువ్వు రావాలి.

సంతోషంతో,
నీ అత్తయ్య


గ్రీన్స్‌బరో
14 ఫిబ్రవరి 2025

అత్తయ్యా,

రాజీవ్ అంకుల్ కాదు. ఇది ముందు చదివి, దయచేసి ఈ బుధవారమే కూడికలో చెప్పు. ఇంజన్ నూనె కారితే ఇంజన్ కింద నేల మీద పడుతుంది, చక్రం లోపలికి ఎక్కదు. వాడిన ఇంజన్ నూనె నల్లగా ఉంటుంది. ఇక్కడున్నది అది కాదు. ఆయన చేసిందల్లా పార్కింగ్‌లో మరక చేయడమే.

ఎస్టిమేట్ ఇంకా పూర్తి కాలేదు. కొన్ని పరీక్షలు చేయాల్సి ఉంది.

మార్చి తొమ్మిది సంగతి కొంచెం ఆపు. కొత్త ప్యాడ్‌లు సర్దుకోవడానికి కొన్ని వందల మైళ్లు నడవాలి, అప్పటిదాకా చక్రాలకి ఏదీ తగలకపోతే మంచిది. నాలుగు చక్రాల మాట అసలే వద్దు. తర్వాత చూద్దాం.

బండి షెడ్డులో మూలకి ఉంది. డ్వేన్ రోజూ పొద్దున, "పెద్దాయన ఇంకా ఇక్కడే ఉన్నాడా?" అంటాడు, వ్యాన్ గురించి. మామయ్య సంగతి అతనికి నేను చెప్పలేదు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు నేను వెళ్లి అందులో కూచుంటున్నాను, నువ్వు కూచునేదానివని రాశావు చూడు, అలాగే. సీటు మెత్తలో ఎడమ పక్క లోతుగా ఉంది. మామయ్య ఎప్పుడూ ఎడమకి ఒరిగి కూచునేవారు, తలుపు మీద మోచెయ్యి పెట్టుకుని. నేను కూచున్నా ఆ లోతు నిండదు.

నా మనసు తిరిగిందని అనుకోకు. నేను అడిగింది దానికోసం కాదు.

జెమీమా


క్యారీ
24 ఫిబ్రవరి 2025

జెమీమాకు,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి బాగోలేదు. చెప్పాల్సినదేదో పక్కన పెట్టి పరీక్షలనీ సర్దుకోవడమనీ రాశావు. అబద్ధం రాసేటప్పుడు నీ అక్షరాలు గుండ్రంగా వస్తాయి. పన్నెండో ఏట నుంచి చూస్తున్నాను.

కూడికలో నీ మాట చెప్పాను. ఎవరూ ఒప్పుకోలేదు. రాజీవ్‌ది కాదంటే ఇంకెవరిదో దాస్తోందన్నారు. గ్యారేజ్ పిల్ల కదా, రోజులు పెరిగితే గంటలు పెరుగుతాయన్నారు ఒకరు. వాళ్లని గట్టిగానే అన్నాను, మా పిల్ల ఒక్క నిమిషం ఎక్కువ రాయదని. కానీ ఇంటికొచ్చాక నాకూ అర్థం కాలేదు. ఎస్టిమేట్ రాయడానికి నాలుగు వారాలెందుకు?

రాజీవ్ మందిరం తాళాలు పాస్టర్‌గారి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. పక్క ఊరి మందిరానికి వెళ్తున్నారట. స్మృతి నిన్న దుకాణంలో ఎదురైంది. ప్రతి ఆదివారం నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించిన మనిషి, సామాన్ల బండి తిప్పుకుని ఇంకో వరసలోకి వెళ్లిపోయింది. నేను అల్లం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

మూడు రోజుల నుంచి ఒకటే కల. మధ్యాహ్నం కుర్చీలో కునుకు పడితే వస్తోంది. ఆయన బండి కుడిపక్క, నేను నిలబడే చోట, వంగి కూచుని ఉంటారు. జేబురుమాలు పెట్టి చక్రం తుడుస్తుంటారు. తుడిచి రుమాలు చూసుకుంటారు, మడత మార్చి మళ్లీ తుడుస్తారు. నేను పిలుస్తాను. నావైపు చూడరు. కోపంగా ఉన్నట్టు ఉండదు. నాకు కనపడకుండా పని ముగించాలన్నట్టు, ఆదరాబాదరాగా తుడుస్తుంటారు.

ఏం తుడుస్తున్నారు జెమ్మీ?

ఇంజన్ నూనె కాదన్నావు. అయితే ఏ నూనె? నీకు అక్షరాలు నేర్పింది నాతో వంకరగా రాయడానికి కాదు. సూటిగా రాయి. తట్టుకుంటానో లేదో నేను చూసుకుంటాను.

కరుణమ్మ


గ్రీన్స్‌బరో
1 మార్చి 2025

అత్తయ్యా,

మామయ్య తుడుస్తున్నది నీ నూనె.

చిల్లుల్లోంచి పోసింది చక్రం లోపల బ్రేకు పళ్లెం మీద పడి, ప్యాడ్‌లలోకి ఇంకింది. నాలుగు చుక్కలప్పుడు వేడికి కాలిపోయి ఉంటుంది. చెంచాలయ్యాక కాలలేదు. లాగుతోందని మామయ్య అన్నప్పుడు నువ్వు రెండు చెంచాలు చేశావు, ఇంకా లాగింది.

నాకు మొదటిరోజే తెలుసు. ఐదుసార్లు బ్రేకు తొక్కి దిగాక కుడి చక్రం వేడెక్కి ఉంది. అందులోంచి లవంగం వాసన వచ్చింది. నాకు పదమూడో ఏట వారంరోజులు జ్వరం కాస్తే నువ్వు నుదుటి మీద చెయ్యి పెట్టి కూచున్న వాసన. ఈ దేశంలో నాకు అమ్మ వాసన అంటే అదే. కాంక్రీటు మీద మోకాళ్లూని చక్రం దగ్గర ముఖం పెట్టి ఉండిపోయాను. ఏమన్నా పడిపోయిందా అని డ్వేన్ అడిగాడు. లేదన్నాను. నీ మొదటి ఉత్తరంలో నూనె మాట ఉంది, అయినా ఎటువైపు నిలబడతావని అడిగాను. ఎడమ అని రాస్తావేమోనని.

అక్కడి గ్యారేజ్‌వాళ్లు తడిగా ఉన్న ప్యాడ్‌లు చూసి బ్రేకు ద్రవం గొట్టం కారిందనుకున్నారు. డ్వేన్ గొట్టం విప్పి చూశాడు, పొడిగా ఉంది. అతనికి కొంత చెప్పాను. విని, చేతులు తుడుచుకుని, "గొట్టం కారిందనే రాసెయ్యి. ఎలాగూ పాతదే, ఎలాగూ మారుస్తాం. గొట్టాన్ని తలుచుకుని ఎవరూ ఏడవరు" అన్నాడు. మంచి మనిషి. నాలుగు వారాలు కారణం అన్న గీత ఖాళీగా ఉంచాను. పొద్దున తెరిచేదాన్ని, మూసేదాన్ని. నేను ఖాళీగా ఉంచిన చోట మీరంతా రాజీవ్ అంకుల్ పేరు రాశారు. ఆయన జీవితంలో ఆ చక్రం ముట్టుకోలేదు.

ఇంకో కారణం ఉంది. అది నాది. నీకు జనవరిలో కేలండర్ చూడమని కోపంగా రాశాను. ఆ కేలండర్‌లో సెప్టెంబర్ కూడా ఉంది. సెప్టెంబర్‌లో మామయ్య నాకు ఫోన్ చేశారు, పని వేళలో. "బండి ఎడమకి లాగుతోందమ్మా, దానికి లేబర్ ఎంతవుతుంది?" అన్నారు. కౌంటర్ దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు. "చక్రాల అలైన్‌మెంట్ అయి ఉంటుంది మామయ్యా, ఒక గంట లేబర్, తొందరేం లేదు" అన్నాను. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమేనా, ఎప్పుడూనా అని అడగలేదు. ఎవరొచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న అది. ముక్కూముఖం తెలియనివాళ్లని రోజుకి పదిసార్లు అడుగుతాను. ఆయన మామయ్య గనక ఫారం తీయలేదు. తొందరేం లేదన్నాక ఆయన ఇంక ఎవరినీ అడిగి ఉండరు. టేపు ముక్క అంటించుకున్నారు.

కాబట్టి నూనె నీది, అడగని ప్రశ్న నాది, వినకపోవడం బావది. టైర్లు కూడా పాతవే. నువ్వు ఒక్కదానివే చేశావని నేను రాయడం లేదు. నువ్వు చేయలేదని కూడా రాయను. ఆయన కాపాడబడాలనే పోశావు. అది నాకు తెలుసు, మామయ్యకీ తెలుసు. ప్యాడ్‌లకి తెలియదు.

ఎస్టిమేట్ నిన్న పూర్తి చేశాను. లేబర్ ఆరు ముప్పావు గంటలు. కారణం అన్న గీతలో ఇలా ఉంది: "ముందు కుడి ప్యాడ్‌లకు ఒలీవ నూనె పట్టినది. చక్రం చిల్లుల గుండా వారం వారం పోయబడినది." పేరు రాయలేదు, ఫారంలో పేరుకి చోటు లేదు. ఒక కాపీ పాస్టర్‌గారికి, ఒకటి రాజీవ్ అంకుల్‌కి పోస్టు చేశాను. ఆయనకి ఫోన్ చేసి పేరు కూడా చెప్పాను. విని, "కరుణమ్మగారికి తెలుసా?" అన్నారు. సోమవారం ఉత్తరం అందితే తెలుస్తుందన్నాను. "అయితే ఈ బుధవారం ఆవిడ పక్కన స్మృతిని కూచోమంటాను" అన్నారు. బావకి కూడా చెప్పాను. ఈ ఉత్తరం నువ్వు విప్పేటప్పటికి ఇంట్లో ఉండమన్నాను, ఉంటాడు.

కూడికలో చెప్పాల్సింది నువ్వు. నువ్వు చెప్పకపోతే పాస్టర్‌గారు ఆ గీత చదువుతారు.

బండి గురువారానికి తయారవుతుంది. తొమ్మిదో తారీఖు నేనే నడుపుకొస్తాను. ఎంతసేపైనా ప్రార్థన చేసుకోండి. ఏ చక్రానికీ నూనె పోయనివ్వను.

జెమీమా